కుడిచెవికి రెండుసార్లు

నేను ఒక హెడ్‌ఫోన్‌ని. ఈ కాలం పిల్లలు చెవిలో శనగగింజల్లా దూర్చుకునే రకం కాదు. నెత్తిమీదుగా అడ్డంగా పట్టుకుని, రెండు చెవులనూ రెండు మెత్తటి గిన్నెలతో పూర్తిగా మూసేసే పాతకాలపు రకం. నల్లటి ఒళ్ళు, మెలికలు తిరిగిన తీగ, మోసేవాళ్ళకు కాస్త బరువు. కథ మొదలుపెట్టే ముందే ఒక మాట చెప్పేస్తాను, తర్వాత ఎవరూ నన్ను నిలదీయకూడదు. నా ఎడమవైపు ఏనాడూ చెడిపోలేదు. పుట్టిన రోజు నుంచి ఇవాళ్టి దాకా కుడివైపు ఎంత పలికిందో ఎడమవైపూ అంతే పలికింది. అయినా నిందలన్నీ ఆ ఎడమ గిన్నె మీదే పడ్డాయి. మనుషుల సంగతి మీకు తెలిసిందే. ఆడలేక మద్దెల ఓడు అనే సామెత పుట్టించిందీ వాళ్ళే, సందు దొరికితే మద్దెలను తిట్టేదీ వాళ్ళే.

నేను పుట్టింది సముద్రాలకవతల ఒక ఫ్యాక్టరీలో. అక్కడి సంగతులు నాకు పెద్దగా గుర్తులేవు. ఒక బల్ల ముందు కూర్చున్న ఆవిడ నన్ను తగిలించుకుని, రాగం లేని కూత ఒకటి ముందు ఒకవైపు, తర్వాత రెండోవైపు విని తల ఊపింది. ఒక గిన్నె మీద ఎల్ అనీ ఇంకోదాని మీద ఆర్ అనీ అచ్చు పడిందో లేదో చూసి అట్టపెట్టెలో పడుకోబెట్టింది. ఎల్ అంటే ఎడమచెవికి, ఆర్ అంటే కుడిచెవికి. మనుషులకు నొసట రాస్తారంటారే, నాకు చెక్కిళ్ళ మీద రాశారు.

పెట్టె విప్పింది హైదరాబాదులో. మస్తాన్‌వలి గారని ఒక చిన్న రికార్డింగ్ స్టూడియోలో సౌండ్ ఇంజనీరు. పాటంటే ఏమిటో నాకు తెలిసింది ఆయన చెవుల మీదే. తబలాను కొంచెం ఎడమకు జరిపేవారు, వయొలిన్‌ను కుడికి పంపేవారు, గొంతును నడిమధ్య కూర్చోబెట్టేవారు. "పెళ్ళిలో పీటలేసినట్టేరా, ఎవరి పీట మీద వాళ్ళు కూర్చోవాలి. అందరూ ఒకే పీటెక్కితే పెళ్ళికొడుకు ఎవరో తెలీదు," అని సహాయకులను కేకలేసేవారు. స్టూడియో మూతపడ్డాక ఆయన సామానంతా తలోదిక్కూ పోయింది. నేను విశాఖపట్నంలో పోటీపరీక్షలకు చదువుకుంటున్న కార్తికేయ అనే అతని దగ్గరకు చేరాను. అతను నన్ను పొద్దస్తమానం తగిలించుకునే ఉండేవాడు, తీగ చివర మాత్రం దేనికీ గుచ్చేవాడు కాదు, చొక్కా జేబులో పెట్టుకునేవాడు. కొడుకు పాఠాలు వింటున్నాడని తండ్రి మురిసిపోయేవాడు. కొడుకు వినకుండా తప్పించుకుంటున్నది ఆ తండ్రి మాటలనే. అంత గొప్ప వస్తువును, నన్ను తీసుకెళ్ళి చెవుల్లో దూదిలాగా వాడుకున్నాడు. ఉద్యోగం రాగానే ఫోటో తీసి అమ్మకానికి పెట్టాడు. పీడా పోయిందనుకున్నాను.

నన్ను కొనుక్కున్నావిడ పేరు కనకమహాలక్ష్మి. ఇంట్లో, వీధిలో అందరికీ కనకం. డాబాగార్డెన్స్‌లో ఒక కళ్ళజోళ్ళ షాపులో వచ్చినవాళ్ళకు కంటిపరీక్ష చేసి, ఏ అద్దం సరిపోతుందో చూసే పని. పగలంతా "ఇది స్పష్టంగా ఉందా, అది ఉందా" అని అడిగి అడిగి, సరైన జవాబు వచ్చేదాకా వదలని అలవాటు ఆవిడకు ఒంటికి పట్టేసింది. ఆ అలవాటుతోనే పాటలు కూడా వినేది.

అవి సినిమా పాటలు కావు. సినిమా లేకుండా, నిర్మాత లేకుండా, అద్దెగదుల్లో గోడలకు దుప్పట్లు కట్టుకుని పిల్లలు సొంతంగా పాడుకుని బయటపెట్టే పాటలు. వాటిని ఇండీ పాటలంటారు. వాటితోపాటు కాస్త హంగూ ఆర్భాటమూ ఉన్న పాప్ ఆల్బంలు. కనకం పొద్దున్నే లేచి, కుళాయి నీళ్ళు వచ్చేలోగా నన్ను తగిలించుకుని వంటింటి గడపలో కూర్చునేది. ఆల్బం అంటే మొదటి పాట నుంచి చివరి పాట దాకా వరసగా వినాల్సిందే, నచ్చని పాటనైనా దాటెయ్యకూడదు. ఫోన్ స్పీకర్లో వినడమంటే విస్తరాకు మీద పాయసం పోయించుకోవడమేనని ఆవిడ అభిప్రాయం. మూడుసార్లు విన్నాకే నోరు విప్పేది. అప్పుడు ఫోన్ ముందు పెట్టుకుని తన అభిప్రాయం గట్టిగా చెప్పి, "కనకం మాట" అనే పేరుతో లోకానికి వదిలేది. ఆ మాట కోసం కాచుకుని కూర్చునేవాళ్ళు ఊరూరా ఉండేవారు.

ఎందుకుండరు? వినండి మరి. ఒక గిటారు బృందం గురించి ఇలా అంది: "గిటారు బాగా నేర్చుకున్నారు నాయనా. నేర్చుకున్నదంతా మొదటి పాటలోనే చూపించెయ్యాలా? కొత్తకోడలు మొదటిరోజే అన్ని కూరలూ వండేసినట్టుంది." ఒక విరహగీతాల ఆల్బం గురించి: "అన్ని పాటల్లోనూ వానే. ఒక్క పాటలోనైనా కాస్త ఎండ కాయించండి, బట్టలారేసుకుంటాం." అలాగని అన్నీ ఈసడింపులే కాదు. పాప్ పాటలను చులకన చేసేవాళ్ళంటే ఆవిడకు మంట. "తేలిగ్గా ఉంది కాబట్టి తేలికైన పని అనుకోకండి. అంట్లు తోముకుంటున్న మనిషి చేత గంతులేయించాలంటే ఎంత విద్య కావాలో మీకేం తెలుసు," అని దులిపేసేది. నాకు ఆవిడంటే గౌరవం. నా విలువ తెలిసి వాడుకున్నవాళ్ళలో మస్తాన్‌వలి గారి తర్వాత ఆవిడే.

కనకం మొగుడు సూరిబాబు పోర్టులో క్రేన్ నడుపుతాడు. మంచివాడే గానీ ఈ అభిప్రాయాల గొడవ అతనికి అంతుపట్టేది కాదు.

"ఆ పిల్లలేదో పాడుకుంటే నీకేటి నొప్పే? బాగుందని చెప్పి వదిలీకూడదా?" అనేవాడు.

"బాగుందని చెప్పడానికి నేనెందుకండీ? వాళ్ళమ్మలున్నారు కదా," అనేది కనకం.

అలా సాగుతుండగా ఒకరోజు కనకం నన్ను తీసి ఎడమ గిన్నెను వేలితో టకటక కొట్టింది. "ఇటువైపు సన్నగా వస్తోందేంటి," అంది. నేను ఎప్పటిలాగే పలుకుతున్నాను. మర్నాడు తీగ మెలిపెట్టి చూసింది, ఆ మర్నాడు దులిపి చూసింది. చివరికి జగదాంబ జంక్షన్ దగ్గర రిపేరు షాపుకు తీసుకెళ్ళింది. అతను నన్ను చెవికైనా పెట్టుకోకుండా, "వైరు పోయిందమ్మా" అని తేల్చి, లక్షణంగా ఉన్న నా తీగ పీకి ఇంకోటి అతికించాడు. కనకం ఇంటికొచ్చి విని, "ఇప్పుడెంత బాగుందో!" అని సంబరపడింది. డబ్బు పోసి బాగుచేయించాక మనుషులకు వినపడినంత చక్కగా మరెప్పుడూ వినపడదు. కొన్నాళ్ళకు ఆ ముచ్చట తీరి మళ్ళీ టకటక మొదలైంది. ఇక పాతబడిపోయిందిలే అని ఊరుకుంది. ఆ మాటకు నాకు ఒళ్ళు మండింది, నోరు లేక ఊరుకున్నాను.

అప్పుడొచ్చింది "పక్క గది" అనే ఆల్బం. విజయనగరం నుంచి హైమ, వకుళ అనే అక్కచెల్లెళ్ళు చేసింది. ఒక ఇంట్లో గోడకు అటూ ఇటూ ఉన్న రెండు గదుల్లో కూర్చుని అక్కాచెల్లెళ్ళు మాట్లాడుకున్నట్టుగా పాటలన్నీ అల్లారు. అక్క అడుగుతుంది, చెల్లెలు జవాబు చెబుతుంది. గోడ ఉందని తెలియడానికి ఒక తమాషా చేశారు. హైమ గొంతును పూర్తిగా కుడివైపు పెట్టారు, వకుళ గొంతును పూర్తిగా ఎడమవైపు పెట్టారు. నడిమధ్య ఎవరూ లేరు. ఇంత చక్కటి ఆలోచన నేను స్టూడియోలో ఉన్నరోజుల్లో కూడా చూడలేదు. ఎక్కడా ఒక్కముక్క వివరణ రాయలేదు. చెవులున్నవాళ్ళకు అర్థమవుతుందిలే అనుకున్నారు పాపం.

కనకం పద్ధతి ప్రకారం మూడుసార్లు వింది. మూడుసార్లూ నేను రెండు గొంతులూ ఇచ్చాను. కుడి గిన్నెలో హైమ "నిద్రపోయావా?" అని అడిగితే, ఎడమ గిన్నెలో వకుళ "నువ్వు పడుకుంటే కదా" అంటుంది. కనకం కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. సరే, ఇద్దరి ప్రేమకూ కరిగిపోయింది కాబోలనుకున్నాను. ఆవిడ ఫోన్ ముందు కూర్చుని మాట్లాడుతుంటే అప్పుడు తెలిసింది నాకు.

"ఈ ఆల్బంలో ఒక ఆడపిల్ల పక్కగదిలోకి ప్రశ్నలు వేస్తూనే ఉంటుంది. అట్నుంచి జవాబే రాదు. ప్రతి ప్రశ్న తర్వాతా అంత జాగా వదిలారు చూడండి, ఆ మౌనం వినండి. పక్కగది ఖాళీ అని ఆ పిల్లకు తెలుసు, అయినా అడుగుతోంది. ఒంటరితనాన్ని ఇంత ధైర్యంగా పాడినవాళ్ళను నేను ఇంతవరకూ వినలేదు. ఆ జాగాను ఏ వాద్యంతోనూ నింపకుండా వదిలేసిన హైమకు దణ్ణం పెడుతున్నాను."

వకుళ ఉన్నపళాన మాయమైపోయింది. తిట్టినా బాగుండేది. నేను బల్ల మీద పడుకుని ఆ ఎడమ గిన్నెతో కేకపెట్టాలనుకున్నాను, కానీ తీగ ఎవరూ ఎక్కడా గుచ్చలేదు.

అభిప్రాయానికి కాళ్ళెక్కువ. ఆల్బం వినడానికి ముప్పావుగంట కావాలి, "అబ్బ, ఆ మౌనం!" అనడానికి అరక్షణం చాలు. ఒకరిని చూసి ఒకరు ఆ మౌనాన్ని మెచ్చుకున్నారు. రుషికొండ దగ్గర ఒక కాఫీ హోటల్లో ఆదివారం సాయంత్రాలు ఇలాంటి పాటలు పెట్టించే ఫణిభూషణ్ అనే ఆయన ఇంకో అడుగు ముందుకేశాడు. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమనే రకం. అప్పటికే అక్కచెల్లెళ్ళను వచ్చే ఆదివారానికి పిలిచి ఉన్నాడు. ఇప్పుడు హైమకు ఫోన్ చేసి, మీరొక్కరే రండి, ఆ ఒంటరితనమే అందం, కనకం గారు చెప్పారు కదా అన్నాడు. వాళ్ళ మొదటి కచేరీ అది.

ఇదంతా కనకానికి తెలిసింది వకుళ ఫోన్‌లో రికార్డు చేసి పంపిన మాట వల్ల. మరునాడు పొద్దున్న షాపుకు బయలుదేరబోతూ ఫోన్ కుడిచెవి దగ్గర పెట్టుకుని వింది. సన్నటి గొంతు, ఏడుపు దిగమింగుకుంటూ మాట్లాడుతోంది.

"అక్కా, నా పేరు వకుళ. 'పక్క గది'లో జవాబులన్నీ నేనే పాడేను. మీరు చెప్పింది విన్నాం. నా గొంతు బాలేకపోతే బాలేదని చెప్పీవచ్చు కదక్కా. అందరికీ చెప్తారు కదా. లేనట్టే చెప్పీసేరేంటి? ఆదివారం హైమక్క ఒక్కర్తినే రమ్మంటన్నారు. నేను లేకుండా అక్క తనూ వెళ్ళనంటాది. నేనెవరో మీకు తెలీదు కాబట్టి మీకు నా మీద కోపం ఉండదు. మరెందుకలా చేసేరో చెప్పండి."

కనకం భుజానున్న సంచీ కింద పెట్టేసింది. వెంటనే నన్ను లాగి తగిలించుకుని మొదటి పాట పెట్టింది. "నిద్రపోయావా?" అంది హైమ. ఆ తర్వాత కనకానికి ఏమీ వినపడలేదు. మళ్ళీ పెట్టింది. వకుళ ఎడమ గిన్నెలో గొంతు చించుకుంటోంది. కనకం నన్ను తీసి మంచం మీదకు విసిరికొట్టింది. "దిక్కుమాలిన వస్తువా! ఒకవైపు చచ్చిపోయి నా పరువు తీశావు కదే!" అంది. నాకు దెబ్బకన్నా ఆ మాట ఎక్కువ తగిలింది. రిపేరు షాపువాణ్ణి కడిగెయ్యాలని నన్ను సంచీలో కుక్కుకుని షాపుకు బయలుదేరింది.

ఆ పూట కంటిపరీక్షకు ఒక పెద్దాయన వచ్చాడు. మనవరాలు బలవంతంగా తీసుకొచ్చింది. "నాకేం తక్కువ, కాకిని చూసి ఆడో మగో చెబుతాను" అంటున్నాడు. కనకం ఎప్పటిలాగే ఆయన ఎడమకన్ను మూసి చదవమంది. గడగడా చదివాడు. కుడికన్ను మూసింది. ఆయన ఆగిపోయాడు. గోడ మీది అక్షరాల కోసం కుర్చీలో ముందుకు వంగాడు.

"అమ్మా, రెండు కళ్ళూ తెరిస్తే బాగానే ఉంది కదా. ఈ కన్ను మూస్తేనే గొడవ. మూయొద్దు," అన్నాడు.

మనవరాలు నవ్వింది. కనకం నవ్వలేదు. ఆయనకు అద్దాలు రాసి పంపించి, భోజనాలవేళ అందరూ బయటకు వెళ్ళాక, ఆ పరీక్ష కుర్చీలో తనే ఎక్కి కూర్చుంది. సంచీలోంచి నన్ను తీసింది. ఎల్ అనే అక్షరం వంకా ఆర్ అనే అక్షరం వంకా చూసింది. ఆవిడ ఏం చెయ్యబోతోందో నాకు అర్థమైంది. తర్వాత నన్ను గిర్రున తిప్పి, ఎడమ గిన్నెను కుడిచెవికి, కుడి గిన్నెను ఎడమచెవికి తగిలించుకుంది. పుట్టిన దగ్గర నుంచి నన్ను అలా తిరగేసి పెట్టుకున్నవాళ్ళు లేరు.

పాట మొదలైంది. హైమ ప్రశ్న ఎటుపోయిందో పోయింది. ఒక్క క్షణం నిశ్శబ్దం. అప్పుడు ఆవిడ కుడిచెవిలో, తేనెలో కొంచెం మిరియం కలిపినట్టుండే గొంతు ఒకటి, "నువ్వు పడుకుంటే కదా" అంది.

నేను చెడిపోలేదని రుజువైన క్షణం అది. సంతోషించాల్సింది నేను. కానీ ఆవిడ నా రెండు గిన్నెలనూ చెవులకేసి అదుముకుంటుంటే సంతోషమెలా వస్తుంది? కనకం భయపడింది. పాటలు లేకపోతే తనెవరో ఆవిడకు తెలియదు. అయినా తీసెయ్యలేదు. కుర్చీలో నిటారుగా కూర్చుని, ప్రశ్నలు లేని ఆ జవాబులను చివరి పాట దాకా వింది. షాపులోకి మనుషులు వస్తుంటే కళ్ళు తుడుచుకుని లేచింది.

ఇంటికెళ్ళి సూరిబాబుకు చెప్పింది. అతను అన్నం ముందు కూర్చుని ముద్ద కలుపుతున్నవాడల్లా ఆగిపోయాడు.

"అదేటే! ఇన్నాళ్ళబట్టీ నేను ఇటుపక్క కూకుని ఏటడిగినా పలక్కపోతే, నా మీద కోపం అనీసుకున్నాను," అన్నాడు.

"నా మీద కోపం వచ్చి మీరే మాట్లాడ్డం మానేశారనుకున్నాను నేను," అంది కనకం.

సూరిబాబు కంచం పట్టుకుని లేచి ఆవిడకు కుడిపక్కకొచ్చి కూర్చున్నాడు. చెవిటివాడి ముందు శంఖమూదినట్టు అనే సామెత అతని నోట్లో ఎప్పుడూ నానుతుండేది. ఆ రోజు నుంచి దాన్ని వాడినట్టు నేను వినలేదు.

చెవి డాక్టరు పరీక్షలన్నీ చేసి, ఎడమచెవి నరం మెల్లమెల్లగా బలహీనపడిందనీ, పోయింది తిరిగి రాదనీ, కుడిచెవి మాత్రం గట్టిగా ఉందనీ చెప్పాడు. మిషను పెట్టుకుంటే మాటలు కొంత అందొచ్చు గానీ పాట పాటలా రాదన్నాడు. కనకం ఆ మాటలన్నీ విని, "కుడిది గట్టిగా ఉందన్నారు కదా. చాలు," అని లేచొచ్చింది.

సూరిబాబు ఒక ఉపాయం చెప్పాడు. "ఆ పిల్లకి నువ్వు విడిగా ఫోన్ చేసి తప్పయిందని చెప్పీ. ఆ హోటలాయనకీ చెప్పీ. ఊరందరికీ చెప్పడం ఎందుకే? చెవి లేని మనిషి పాటలకి వంకలు పెడతందంటారు. ఇన్నాళ్ళూ నువ్వు చెప్పినవన్నీ తప్పే అంటారు."

"ఊరందరిముందూ ఆ పిల్లని లేకుండా చేశానండీ. చాటుగా చెబితే చాటుగానే ఉంటుంది," అంది కనకం.

మొగుడు అంతటితో ఆగలేదు. క్రేన్ దగ్గర కుర్రాళ్ళను అడిగి, ఫోన్‌లో రెండువైపులా వచ్చేదాన్ని ఒకటిగా కలిపేసే ఏర్పాటు ఉందని కనుక్కొచ్చి, నొక్కి చూపించాడు. నిజంగానే ఇప్పుడు నా రెండు గిన్నెల్లోనూ హైమ, వకుళ ఇద్దరూ పక్కపక్కనే పాడారు. కనకం ఒక పాట విని తల అడ్డంగా ఊపింది.

"ఇద్దరూ ఉన్నారండీ. గోడ లేదు. పప్పూ కూరా ఒకే గిన్నెలో పోసి కలిపినట్టుంది. ఆ పిల్లలు కష్టపడి కట్టింది ఆ గోడనే," అంది. మొగుడు బాధపడతాడేమోనని, "వార్తలు వినడానికి బాగుంటుందిలెండి," అని కూడా అంది.

అప్పుడు మొదలుపెట్టింది తన పద్ధతి. ఆల్బం మొత్తం ఒకసారి నన్ను తిన్నగా పెట్టుకుని వింటుంది, అప్పుడు కుడివైపు ఉన్నదంతా ఆవిడది. తర్వాత నన్ను తిరగేసి మళ్ళీ మొత్తం వింటుంది, అప్పుడు ఎడమవైపు ఉన్నదంతా ఆవిడది. మొదటిరోజు ఇదంతా కుదరలేదు. రెండోసారి వింటుంటే మొదటిది జారిపోయేది. విసుక్కునేది, నన్ను తీసి ఒళ్ళో పెట్టుకునేది, మళ్ళీ తగిలించుకునేది. కుళాయి నీళ్ళు వచ్చి బిందె నిండి పొర్లిపోతున్నా లేవలేదు, సూరిబాబే వచ్చి కట్టేశాడు. శనివారం పొద్దుటికి హైమ ప్రశ్నలన్నీ ఆవిడకు నోటికి వచ్చేశాయి. అప్పుడు నన్ను తిరగేసి పెట్టుకుని, ప్రశ్నలు తను మెల్లగా పాడుతూ, జవాబులు వకుళ నుంచి వింది. వంటింటి గడపలో కూర్చుని "నిద్రపోయావా?" అని ఆవిడ అడగడం, ఆవిడ చెవిలో వకుళ బదులివ్వడం, అలా చివరిపాట దాకా. కనకం గొంతు పాటకు పనికిరాదు, ఆ సంగతి నాకు ముందే తెలుసు. అయినా అంత అందంగా పాట వినడం నేనెక్కడా చూడలేదు. సూరిబాబు గుమ్మంలో నిలబడి, పోర్టుకు వేళవుతున్నా కదల్లేదు.

ఆ పూటే ఫోన్ ముందు కూర్చుంది.

"నేను కనకాన్ని. 'పక్క గది' గురించి నేను చెప్పింది తప్పు. పక్కగది ఖాళీగా లేదు, అందులో వకుళ ఉంది. నా ఎడమచెవి పనిచెయ్యడం లేదని నాకు తెలియలేదు. హెడ్‌ఫోన్‌ను తిట్టుకుంటూ కూర్చున్నాను. నేను మెచ్చుకున్న మౌనం వాళ్ళ పాటలో లేదు, నా చెవిలో ఉంది. ఇప్పుడు ఒక్క చెవితో రెండుసార్లు విని చెబుతున్నాను. ఇది ఒంటరితనం గురించిన ఆల్బం కాదు. కోపం వచ్చి తలుపులేసుకున్న ఇద్దరు మనుషులు గోడకు చెవులానించుకుని కూర్చోవడం గురించి. వకుళ గొంతులో ఉన్న వెటకారం లేకపోతే హైమ ప్రశ్నలకు అర్థమే లేదు. ఇంకో మాట. మూడో పాటలో వకుళ తొందరపడింది. అక్క ప్రశ్న పూర్తి కాకముందే జవాబు చెప్పేసింది. అయిదో పాట సగానికి తగ్గించాల్సింది. నేను ముందు చెప్పింది విని మౌనాన్ని పొగిడినవాళ్ళందరూ దయచేసి పాట కూడా వినండి. ఇకపైన నేను ఇలాగే వింటాను. ఒంటిచెవి మనిషి మాట వద్దనుకున్నవాళ్ళు మానెయ్యొచ్చు."

కొందరు మానేశారు. కొందరు సూరిబాబు చెప్పినట్టే అన్నారు. కనకం అవన్నీ చదివి, ఒక్కదానికీ బదులివ్వలేదు. ఫణిభూషణ్ మాత్రం హైమకు మళ్ళీ ఫోన్ చేసి, ఇద్దరూ రావాలి, ఆ గోడే అందం అన్నాడట. అప్పటికైనా విన్నాడో లేదో నాకు తెలియదు. వకుళ దగ్గర నుంచి కనకానికి ఏ మాటా రాలేదు.

ఆదివారం సాయంత్రం కనకం నన్ను మెడలో వేసుకునే రుషికొండ వెళ్ళింది, పక్కన సూరిబాబు ఇస్త్రీ చొక్కాలో ఉన్నాడు. సముద్రం వైపు తెరిచి ఉన్న వసారాలో వేదిక కట్టారు. ఆ చివర హైమ, ఈ చివర వకుళ, మధ్యలో జాగా. కనకం వరసలో ఎడమ చివరి కుర్చీ ఎంచుకుని, కుడిచెవి వేదిక వైపు వచ్చేలా కూర్చుంది. అక్కడ నాకు పనిలేదు. నా మెత్తటి తోలు పెచ్చులూడి ఆవిడ జాకెట్టు మీద రాలుతోంది, మధ్యపట్టీకి సూరిబాబు చుట్టిన టేపు ఉంది. ఏదో ఒకరోజు పాతసామాన్ల బండివాడు నన్ను తూకం వేసుకుపోతాడు. పోనీ. నేను ఉన్నది ఉన్నట్టు ఇచ్చాను. తీసుకోవడం ఎంత కష్టమో ఈ ఇంటికొచ్చాకే తెలిసింది. ఆవిడ అంత పట్టుబట్టి తీసుకుంటుంటే, నన్ను మంచం మీద విసిరికొట్టిన సంగతి నేను మనసులో పెట్టుకోదలుచుకోలేదు.

అక్కచెల్లెళ్ళు బాగా పాడారు. మూడో పాట దగ్గర కనకం మొహం కొంచెం చిట్లించింది. అయిదో పాట సగమే పాడారు.

పాటలయ్యాక జనం లేచి కాఫీల దగ్గరకు మళ్ళారు, కనకం కుర్చీని సముద్రం వైపు తిప్పుకుంది. వకుళ వేదిక దిగి నేరుగా ఇటే వచ్చింది. మనిషి చిన్నది, చూపు పెద్దది. ఎడమవైపు నుంచి వచ్చి "అక్కా," అంది. కనకం సముద్రం వైపు చూస్తూ కూర్చునే ఉంది. "అక్కా," అంది మళ్ళీ. సూరిబాబు కనకం భుజం తట్టబోయాడు. వకుళ అతన్ని చేత్తో ఆపి, కుర్చీల వెనకనుంచి చుట్టూ తిరిగి కుడివైపుకు వచ్చి, మోకాళ్ళ మీద కూర్చుంది.

"మూడో పాట ఇవాళెలా ఉందక్కా?"

కనకం తిరిగి చూసింది. ఆ గొంతు ఎవరిదో చెప్పక్కర్లేదు. రెండు చేతులతోనూ ఆ పిల్ల మొహం పట్టుకుంది.

"ఇవాళా తొందరపడ్డావు," అంది.

వకుళ కళ్ళు చెమ్మగిల్లుతూనే మొహమంతా వెలిగింది. "ఉండండయితే. వెళ్ళిపోకండి," అంటూ లేచి, కాఫీ గ్లాసు అందుకుంటున్న హైమను చెయ్యి పట్టుకుని మళ్ళీ వేదిక మీదకు లాక్కెళ్ళింది. కనకం కుర్చీని కొంచెం ఎడమకు తిప్పుకుని, కుడిచెవి ముందుకు పెట్టి కూర్చుంది.